పొగ పద్దు: కార్బన్ మోనాక్సైడు వాయువును ఉపగ్రహములచే లెక్కించు విధము



మన సంఘములలో ప్రతి సంవత్సరాంతమునను లెక్కల తనిఖీ జరుగుచుండును. గిడ్డంగిలోనికి వచ్చిన బస్తాలెన్ని, వెళ్ళినవెన్ని, నిలువ యెంత యని పుస్తకమునుబట్టి యొక లెక్కయు, ఉన్న సరకును కాటా వేసి మఱియొక లెక్కయు తీయుదురు. రెండును సరిపోయినయెడల చిక్కులేదు. సరిపోనియెడల తప్పు పుస్తకమునం దున్నదో, కాటాయం దున్నదో, తలుపు తాళమునం దున్నదో వెదకవలసి యుండును.

నేటి శాస్త్రజ్ఞులు భూమిని చుట్టియున్న గాలి విషయమునను ఇట్టి తనిఖీనే జరుపుచున్నారు. ఏ దేశమునుండి, ఏ మాసమున, ఎంత పొగ లేచినదో ఆకాశముననుండి చూచి అంచనా కట్టుచున్నారు. పొగను గూర్చిన నిందయు, నిబంధనయు, నివారణకైన సహాయద్రవ్యమును చాలవఱకు ఇట్టి లెక్కలనుబట్టియే పంచబడుచున్నవి. ఆ పంపకములో సేద్యగాండ్రకును భాగము వచ్చుచున్నది గనుక, ఆ లెక్క యెట్లు పుట్టునో, ఎంతవఱకు నమ్మదగినదో మనము తెలిసికొనుట అవసరము. ఈ పాఠమునందు కార్బన్ మోనాక్సైడు అను నొక్క వాయువును మాత్రము తీసికొని యా సంగతిని వివరింతుము.

1. వాయువు స్వభావము

కట్టె, పిడక, బొగ్గు, గడ్డి, పెట్రోలు, వీనిలో నేది కాలినను అందలి కర్బనము గాలిలోని ప్రాణవాయువుతో కలియును. గాలి చాలినంత తగిలి మంట చక్కగా మండినయెడల బొగ్గుపులుసు వాయువు పుట్టును. గాలి చాలక నిప్పు మంటలేక పొగయుచుండినయెడల ఆ కలయిక సగములో నిలిచి కార్బన్ మోనాక్సైడు పుట్టును. దీనికి రంగు లేదు, వాసన లేదు. రక్తమునందు ప్రాణవాయువును మోయు పదార్థము ప్రాణవాయువును పట్టుకొనుదానికంటె ఇన్నూఱు రెట్లకు మించిన బలముతో దీనిని పట్టుకొనును. కావుననే చలికాలమున తలుపులు బిగించిన గదిలో బొగ్గుల కుంపటి నుంచుకొని నిద్రించినవారు మఱల లేవకపోవుట తటస్థించుచున్నది. ఈ యొక్క కారణముచేతనైనను దీని సంగతి ప్రతి యింటను తెలిసియుండదగినది.

బయటి గాలిలో ఇది మిక్కిలి స్వల్పము. ఊళ్లకు దూరమైన ప్రదేశములలో నూఱుకోట్ల పాళ్ల గాలికి ఇది సుమారు 50 మొదలు 150 పాళ్లు మాత్రమే యుండును. భూగోళపు దక్షిణార్ధమున తక్కువ, ఉత్తరార్ధమున ఎక్కువ. ఇంత స్వల్పమైనదానిని లెక్కించుటకు మూడు కారణములు గలవు. ఇది యెక్కడ హెచ్చుగా నున్నదో అక్కడ ఏదియో చెడుగా కాలుచున్నదని తెలియును. దానితోపాటు మసియు, ఇతర విషవాయువులును లేచుచుండును. రెండవది, ఎండలో జరుగు మార్పులవలన ఇది నేలపై ఓజోను పుట్టుటకు తోడ్పడును. నేలపై ఓజోను హెచ్చినచో గోధుమ మొదలగు పైరుల దిగుబడి తగ్గును. మూడవది, గాలిని శుభ్రపఱచు హైడ్రాక్సిలు అను పదార్థమును ఇది ఖర్చుపెట్టివేయును. ఆ హైడ్రాక్సిలే మీథేను వాయువును కూడ హరింపవలసినది గనుక, మీథేను మఱికొంత కాలము నిలిచి భూమిని వేడిచేయును.

2. పుస్తకపు లెక్క

పొగను లెక్కించుటకు పూర్వమునుండి యున్న మార్గము పట్టికలు వ్రాయుట. ఒక దేశమున సంవత్సరమునకు ఎన్ని టన్నుల బొగ్గు, ఎంత కట్టె, ఎంత నూనె, ఎంత గడ్డి కాలినదో సేకరించి, ఒక్కొక్క టన్నునకు ఎంత వాయువు వచ్చునో దానితో గుణింతురు. ఉదాహరణమునకు, ఒక టన్ను పైరుల చెత్త పొలములో కాలినయెడల సుమారు 60 మొదలు 100 కిలోగ్రాముల కార్బన్ మోనాక్సైడు వచ్చును. మంటలేక నేలలో కుమిలి కాలు ఆకుకుళ్ళు నేల, అనగా వేల సంవత్సరములుగా బురదలో కుళ్ళక పేరుకొనిన చెట్టుచేమల పొర, టన్నునకు 200 మొదలు 300 కిలోగ్రాముల నిచ్చును. కాలు వస్తువొకటియే చాలదు, కాలు విధము ముఖ్యమని దీనివలన తేటపడుచున్నది.

ఈ పద్ధతిలో లోపమెక్కడ నన్నచో, పుస్తకములోనికి రాని నిప్పు లనేకములు. పెద్ద కర్మాగారములో కాలిన బొగ్గునకు రసీదు లుండును. ఇంటిపొయ్యిలో కాలిన కంపకును, చిన్న ఇటుకల బట్టీలో కాలిన పొట్టుకును, గట్టున కాలిన గడ్డికిని రసీదు లెవరు వ్రాసిరి? అందుచేత పుస్తకపు లెక్కను వేఱొక కాటాతో సరిచూడవలసి వచ్చినది.

3. ఆకాశమునందలి కాటా

ప్రతి వాయువును కొన్ని ప్రత్యేకమైన కిరణములను మ్రింగివేయును. కార్బన్ మోనాక్సైడు కంటికి కనబడని పరారుణ కిరణములలో 4.7 మైక్రానులు, 2.3 మైక్రానులు గల వానిని మ్రింగును. వేడెక్కిన భూమినుండి పైకి పోవు కిరణములలో మొదటి రకమును, భూమిపై పడి మఱలిపోవు సూర్యకిరణములలో రెండవ రకమును ఎంత తగ్గినవో పైనుండి చూచినయెడల నడుమ నున్న వాయువెంతయో చెప్పవచ్చును.

ఈ పని మొదట 1981 నవంబరులో కొలంబియా అను అమెరికా వ్యోమనౌకపై జరిగెను. ఆ నౌకలో ఉంచిన మాప్స్ అను యంత్రము మఱల 1984 లోను, 1994 లో రెండు పర్యాయములును పైకి పోయెను. అవి కొద్దిదినముల ప్రయాణములు. ఎడతెగని కొలత 2000 సంవత్సరమున ఆరంభమయ్యెను. కెనడా దేశమువారు నిర్మించిన మోపిట్ అను యంత్రము 1999 డిసెంబరు 18 న టెర్రా అను ఉపగ్రహముపై ఎక్కింపబడి, సుమారు 700 కిలోమీటర్ల యెత్తున తిరుగుచు ఇరువది సంవత్సరములకు పైగా పనిచేసెను. ధాన్యపు వర్తకుడు మచ్చు చేతబట్టుకొని బస్తాలోని గింజతో పోల్చినట్లు, ఈ యంత్రము తనలో కార్బన్ మోనాక్సైడు నింపిన చిన్న గాజు పెట్టెవంటి అఱల నుంచుకొని, క్రిందినుండి వచ్చిన కిరణములను వాని గుండ పంపి పోల్చుచుండెను. ఒక్కొక్క చూపునకు 22 కిలోమీటర్ల చదరపు ప్రదేశమును చూచుచు, మూడు నాలుగు దినములలో భూమినంతయు చుట్టివచ్చెడిది.

2017 అక్టోబరు 13 న యూరపువారు పంపిన సెంటినెల్ 5 పి అను ఉపగ్రహముపై ట్రోపోమి అను యంత్రమున్నది. ఇది 2,600 కిలోమీటర్ల వెడల్పు పట్టీని ఒక్కసారిగ చూచుచు దినమునకొకమాఱు భూమిని దాదాపు పూర్తిగ చూడగలదు. దీని చూపు మొదట 7 కిలోమీటర్ల చదరము; 2019 నుండి అంతకంటె కొంచెము సన్నము. ఒక తాలూకాను, ఒక పెద్ద పట్టణమును విడిగా గుర్తింపవచ్చును. ఒక రైతు చేనిని మాత్రము గుర్తింపజాలదు.

ఈ కాటాకును దోషములు గలవు. మేఘము అడ్డమైనచో క్రిందిది కనబడదు. మన వానకాలమున చాల దినము లిట్లు పోవును. 4.7 మైక్రానుల కిరణము నడిమి యెత్తుననున్న వాయువును బాగుగ చూపును గాని నేలనంటియున్న దానిని తఱచు సరిగా చూపదు. కావున ఏ యెత్తున ఎంత స్పష్టముగ చూచినదో ప్రతి కొలతతోడను యంత్రమువారు తెలుపుదురు. కాటా ఎన్ని గ్రాముల వఱకు తప్పు చూపునో తెలిసిన తోలకుడు ఆ మేరకు సరిదిద్దుకొనునట్లే, లెక్కచేయువారును దానినిబట్టి సరిదిద్దుకొందురు.

4. నిలువనుండి జమ కనుగొనుట

ఉపగ్రహము చూపునది గాలిలోని నిలువ మాత్రమే. మనకు కావలసినది జమ, అనగా సంవత్సరములో క్రొత్తగా చేరినది. నిలువనుండి జమ తెలియవలెనన్న ఖర్చు తెలియవలెను. ఈ వాయువును ఖర్చుపఱచునది ముఖ్యముగ పైని చెప్పిన హైడ్రాక్సిలు. కొంతభాగమును నేలలోని సూక్ష్మజీవులు తినివేయును. సగటున ఒక్కొక్క పాలు సుమారు రెండు మాసములు గాలిలో నుండి నశించును. ఉష్ణమండలమున త్వరగాను, చలిదేశముల శీతకాలమున ఆలస్యముగాను నశించును.

ఒక చిన్న లెక్క చేయుదము. భూమిపై గాలిలో ఎప్పుడును సుమారు 35 కోట్ల టన్నుల కార్బన్ మోనాక్సైడు నిలువయున్నదనుకొందము. రెండు మాసముల కొకమాఱు ఈ సరకంతయు మాఱినచో, సంవత్సరమునకు ఆఱు పర్యాయములు మాఱును. అప్పుడు జమ 35 × 6 = 210 కోట్ల టన్నులు. ఆయుస్సు 60 దినములు గాక 50 దినములే యనుకొన్నచో, 7.3 పర్యాయములు మాఱి, జమ సుమారు 255 కోట్ల టన్నులగును. కాటా ఎంత మంచిదైనను, ఖర్చు లెక్కలో పదిదినముల తేడా 45 కోట్ల టన్నుల తేడాను తెచ్చుచున్నది. శాస్త్రజ్ఞుల అంచనాలు ఒకదానితో నొకటి భేదించుటకు ముఖ్యకారణములలో ఇది యొకటి.

మఱియొక సంగతి. ఈ జమ యంతయు నిప్పునుండి వచ్చినది కాదు. సుమారు సగము గాలిలోనే పుట్టుచున్నది. మీథేనును, చెట్ల ఆకులనుండి వెలువడు వాయువులును హైడ్రాక్సిలుచే విఱిగి కార్బన్ మోనాక్సైడుగ మాఱును. నీరు నిలిచిన వరిమడులనుండి లేచిన మీథేను కూడ సంవత్సరములు గడచిన పిదప ఈ పద్దులోనికే వచ్చును. కావున లోకమునందలి కార్బన్ మోనాక్సైడునంతయు పొయ్యిలకును మోటారులకును కట్టుట తప్పు.

5. ఏ యూరి పొగ?

మొత్తము తెలిసినంతమాత్రమున చాలదు. ఎవరి భాగమెంతయో తెలియవలెను. రెండు మాసముల ఆయుస్సు ఇందుకు సరిగా కుదిరినది. ఆయుస్సు సంవత్సరములైనచో పొగ లోకమంతట సమముగ కలిసిపోయి పుట్టినచోటు తెలియకపోవును. గంటలే యైనచో ఉపగ్రహము చూచులోపల మాయమగును. రెండు మాసములలో గాలి సముద్రములను దాటును గాని, పొగ వచ్చిన దారి పూర్తిగా చెరిగిపోదు.

లెక్కచేయు విధమిట్లుండును. మొదట భూమిని గళ్లుగళ్లుగ విభజించి, ప్రతి గడికిని పుస్తకపు లెక్కనుబట్టి ఇంత పొగ యని వేయుదురు. ఆ మాసమున వీచిన గాలులను, ఎండను, హైడ్రాక్సిలును గణకయంత్రమునకు తెలిపి, ఆ పొగ యెట్లు ప్రయాణించునో లెక్క గట్టింతురు. అప్పుడు ఉపగ్రహమునకు ఏ చోట ఎంత కనబడవలెనో తేలును. దానిని నిజముగ కనబడినదానితో పోల్చుదురు. ఒక చోట ఎక్కువ కనబడినచో, గాలి వచ్చిన దారిని వెనుకకు నడచి, ఆ దారిలోని గళ్ల పద్దులను హెచ్చింతురు, తక్కువైనచో తగ్గింతురు. ఇట్లు పలుమాఱులు సవరించి, రెండును దగ్గఱపడువఱకు చేయుదురు.

అయితే ఎంత సవరింపవలెను? ఇక్కడ వివేకము కావలెను. నమ్మకమైన రసీదులుగల పద్దును కొంచెమే కదపవలెను. ఊహమీద వ్రాసిన పద్దును ఎక్కువగ కదపవచ్చును. అట్లే మబ్బులో తీసిన కొలతకు తక్కువ విలువ, నిర్మలాకాశమున తీసినదానికి ఎక్కువ విలువ ఇయ్యవలెను. రెండు సాక్ష్యములను వాని వాని నమ్మకమునుబట్టి తూచి తీర్పు చెప్పుట యని దీని సారము.

6. తెలిసివచ్చిన సంగతులు

ఈ తనిఖీవలన కొన్ని గొప్ప సంగతులు బయటపడినవి.

మొదటిది. ఈ వాయువు ముఖ్యముగ కర్మాగారములు గల ఉత్తర దేశములనుండియే పుట్టుచున్నదని పూర్వము తలచుచుండిరి. మాప్స్ యంత్రము చూచినప్పుడు ఉష్ణమండలమున, ఆఫ్రికా, దక్షిణ అమెరికా ఖండములపైన, అడవులు, గడ్డిబీళ్లు కాల్చుటవలన మిక్కుటముగ నున్నదని తేలెను.

రెండవది. తూర్పు ఆసియా పుస్తకపు లెక్క తక్కువగ నున్నదని 2000 తరువాత విమానములనుండియు, ఉపగ్రహమునుండియు తీసిన కొలతలు తెలిపెను. 2000 సంవత్సరమునకు చీనాదేశపు లెక్క సుమారు 11.6 కోట్ల టన్నులుగ వ్రాయబడియుండెను. బట్టీలు, కొలుముల విషయమును మఱల విచారించి సవరింపగా, 2001 సంవత్సరమునకు 14.2 కోట్ల టన్నులయ్యెను. కాటా తప్పు చూపగా పుస్తకము దిద్దబడుట కిది మంచి యుదాహరణము.

మూడవది సంతోషకరము. 2002 మొదలు 2018 వఱకు లోకపు గాలిలో ఈ వాయువు సగటున సంవత్సరమునకు నూటికి సుమారు అరపాలు వంతున తగ్గెను. చీనాలో బొగ్గు వాడుక హెచ్చినకాలమున కూడ ఈ వాయువు తగ్గుట గమనింపదగినది. మంచి బట్టీలు, మంచి వాహనములు వచ్చినచో, ఇంధనము తగ్గకున్నను పొగ తగ్గునని దీనివలన స్పష్టము.

నాల్గవది సేద్యగాండ్రు ప్రత్యేకముగ చదువవలసినది. ఇండోనీషియా దేశమున బోర్నియో ద్వీపపు నడుమ లోతైన ఆకుకుళ్ళు నేలలు గలవు. 1990 దశకపు నడుమ అక్కడి ప్రభుత్వము సుమారు 10 లక్షల హెక్టారుల బురదనేలను వరిపొలములుగ మార్పదలచి, వేలకొలది కిలోమీటర్ల కాలువలు త్రవ్వించెను. నేల పులుపుగ నుండుటచే వరి పండలేదు; కాలువలు మాత్రము నీటిని లాగివేసెను. కొన్ని యేండ్లలోనే ఆ ప్రయత్నము విడువబడెను. ఎండిన ఆ నేల 1997 కఱవున అంటుకొని మాసములకొలది కాలెను. 2015 లో వర్షములు తప్పగా, అక్కడను సుమత్రా ద్వీపమునను అట్టి నేలలు మఱల కాలెను. నేలలోపల కుమిలెడి నిప్పును పైనుండి కన్నులతో లెక్కించుట అసాధ్యము. అందుచేత మోపిట్ చూచిన కార్బన్ మోనాక్సైడును, పలంకరాయ పట్టణ ప్రాంతమున ఆ పొగనే పట్టి దానిలో ఏ వాయువెంత పాలో కొలిచిన కొలతను కలిపి లెక్కించిరి. ఆ సంవత్సరము సెప్టెంబరు, అక్టోబరు మాసములలోనే సుమారు 22.7 కోట్ల టన్నుల కర్బనము గాలిలో కలిసెనని తేలెను. దినమునకు బొగ్గుపులుసు వాయువు సుమారు 113 లక్షల టన్నులు. అప్పటి యూరపు సమితి దేశములన్నియు కలిసి బొగ్గు, నూనెలవలన దినమునకు విడిచినది సుమారు 89 లక్షల టన్నులు. నేల గుణము విచారింపక త్రవ్విన కాలువ యెంత ఖరీదైనదో ఈ పద్దు చెప్పుచున్నది.

7. మన పొలముల మాట

ఉత్తర హిందూస్థానమున పంజాబు, హర్యానా రాష్ట్రములలో వరి కోసిన పిదప గోధుమ చల్లుటకు రెండు మూడు వారముల వ్యవధి మాత్రమే యుండును. భూగర్భజలమును కాపాడుటకు 2009 లో చేసిన చట్టములవలన నాట్లు ఆలస్యమై, ఆ వ్యవధి మఱింత తగ్గినది. కోతయంత్రము విడిచిన మోళ్ళను అక్టోబరు, నవంబరు మాసములలో కాల్చుచున్నారు. ఈ మంటలను ఉపగ్రహములు వేడినిబట్టి లెక్కించును. కాని చిన్న మంట అరగంటలో ఆఱిపోవును. ఉపగ్రహము దాటినపిదప పెట్టిన మంట లెక్కకే రాదు. వాయువు మాత్రము వారములకొలది గాలిలో నుండును గనుక దానిపై తీసిన లెక్క మంటల లెక్కకు మంచి సరిచూపు. అయితే అదే కాలమున పొయ్యిల పొగయు, వాహనముల పొగయు దానిలో కలిసియుండును. ఇది గడ్డిది, ఇది మోటారుది యని వాయువుపై ముద్ర యుండదు. మాసమునుబట్టియు, చోటునుబట్టియు, తోడివాయువులనుబట్టియు విడదీయవలసినదే.

మన తెలుగు జిల్లాలలోను కోతయంత్రములు వచ్చినచోట్ల మోళ్ళు కాల్చుట కలదు. ఒక గ్రామమున నూఱు ఎకరములలో ఎకరమునకు రెండు టన్నుల గడ్డి కాలినదనుకొని, టన్నునకు 80 కిలోలచొప్పున వేసినచో, 16 టన్నుల కార్బన్ మోనాక్సైడు లేచును. అది గ్రామమునకు పొగ నష్టము. రైతునకు సొంత నష్టము వేఱు. టన్ను వరిగడ్డిలో నత్రజని సుమారు 5, 6 కిలోలుండును. నిప్పులో దానిలో చాలభాగము పోవును. పొటాషు బూడిదలో నిలిచినను గాలికిని వానకును కొట్టుకొనిపోవును. గడ్డిని కట్టలు కట్టు యంత్రమును, మోళ్ళను నేలలో కలుపు యంత్రమును ఒక్క రైతు కొనుట కష్టము. సంఘము కొని వంతులవారీగ అద్దెకిచ్చుట సాధ్యము.

ఇక పొగను గూర్చి ఏ లెక్క మన యెదుటికి వచ్చినను, మూడు సంగతు లడుగవలెను. మొదటి పుస్తకపు లెక్క యెవరు, దేనినిబట్టి వ్రాసిరి? వాయువు ఆయుస్సు ఎంతగ తీసికొనిరి? ఒక చోటి పొగను మఱియొక చోటి పొగనుండి ఎట్లు విడదీసిరి? ఈ మూడింటికిని సరియైన సమాధానము గల లెక్కను, అది మనకు ప్రతికూలమైనను, అంగీకరింపవలెను. సమాధానము లేని లెక్కను, అది మనకు అనుకూలమైనను, నమ్మరాదు. సంఘపు జమాఖర్చుల విషయమున మనము పాటించు నియమమిదియే గదా.

సభలలో చర్చకు ప్రశ్నలు

1. మంటగా కాలుటకును, పొగగా కుములుటకును వాయువులలో కలుగు భేదమేమి?
2. గాలిలో నిలువ 36 కోట్ల టన్నులు, ఆయుస్సు 45 దినములు అనుకొన్నచో సంవత్సరపు జమ యెంత?
3. మంటల సంఖ్యను లెక్కించుటకంటె వాయువును కొలుచుటలో గల లాభమేమి? లోపమేమి?
4. మీ గ్రామమున కోతల పిదప ఎన్ని ఎకరముల గడ్డి కాలుచున్నది? దానిని పశువుల మేతకుగాని, ఎరువునకుగాని మరలించుటకు సంఘము చేయదగిన పనియేమి?